పువ్వుల కన్నా ఉండ్రాళ్ళు

జపానంటే సాకురా, సాకురా అంటే జీవితం క్షణభంగురం... ఈ మాట ఎక్కడ చదివినా ఉంటుంది. పూలు వారం రోజుల్లో రాలిపోతాయనీ, జపాను వాళ్ళు వాటి కింద కూచుని బతుకు గురించి లోతుగా ఆలోచిస్తారనీ. నేనూ అవన్నీ చదివే వచ్చాను. తీరా చూస్తే చెట్ల కింద నీలంరంగు ప్లాస్టిక్ పట్టాలు, బీరు డబ్బాలు, వేయించిన కోడి ముక్కలు, టాయిలెట్ దగ్గర బారెడు క్యూ. తత్వం మాటెలా వున్నా, ఇక్కడి వాళ్ళని ఇంత సందడిగా నేను మరెప్పుడూ చూళ్ళేదు. వాళ్ళకే ఓ సామెతుంది, పువ్వుల కన్నా దాంగో మేలని. దాంగో అంటే బియ్యప్పిండి ఉండలు ఉడికించి పుల్లకి గుచ్చినవి. మన ఉండ్రాళ్ళే, పుల్ల ఒక్కటే తేడా :)

నా ఉద్దేశంలో హనామికి (పూలు చూడ్డం అని ఆ మాటకి అర్థం) ప్రాణం దాని గడువు. ఎవరూ పొడిగించలేని గడువు. కొత్తగా ఊరికొచ్చిన వాడికి అదే పెద్ద ఉపకారం చేస్తుంది. ఎలాగంటారా, చెప్తాను.

టోక్యోలో కనిపించే సాకురా చెట్లలో ఎక్కువ భాగం సోమెయ్ యోషినో అనే ఒకే రకం. 19వ శతాబ్దంలో సోమెయ్ అనే ఊరి తోటమాలుల దగ్గర్నుంచి వ్యాపించింది. ఆ ఊరు ఇప్పుడు టోక్యోలో కలిసిపోయింది. దీన్ని గింజ వేసి పెంచరు, అంటు కడతారు. అంటే దేశమంతా ఉన్నవి ఒకే చెట్టుకి నకళ్ళు. ఒకే బిల్డుని ఊరూరా ఇన్‌స్టాల్ చేసినట్టన్నమాట. అందుకే ఒక పేటలో చెట్లన్నీ కూడబలుక్కున్నట్టు ఒకేసారి పూస్తాయి, ఒకేసారి రాలతాయి. మొదటి పువ్వు నుంచి నిండుగా పూయడానికి ఓ వారం, ఆ తర్వాత మహా అయితే ఇంకో వారం. మధ్యలో గాలివాన వచ్చిందా, అదీ లేదు.

పూసిందని చెప్పడానికీ ఓ పద్ధతుంది. టోక్యోకి సంబంధించి వాతావరణ శాఖ వాళ్ళ నమూనా చెట్టు యాసుకుని మందిరం ఆవరణలో ఉంది. ఉద్యోగి వచ్చి తలెత్తి లెక్కపెడతాడు. ఐదారు పూలు విచ్చుకుంటే పూసిందని ప్రకటిస్తారు, 80 శాతం విచ్చుకుంటే నిండుగా పూసిందని. దీన్ని టీవీలో లైవ్ చూపిస్తారు! 1991 నుంచి 2020 దాకా సగటు తీస్తే టోక్యోలో పూత మొదలయ్యే రోజు మార్చి 24. కానీ 2020, 2021, 2023 లలో మార్చి 14నే పూసేసింది. ఇక ముందుగా ప్లాన్ చేసుకోవడం ఎక్కడ?

మన కార్తీక వనభోజనాలు గుర్తొస్తాయి కదా? చెట్టు కింద తిండి, అందరూ తలో గిన్నె తేవడం, పిల్లల గోల, అంతా అదే. కానీ మనకి నెలంతా ఉంది. ఈ ఆదివారం కాకపోతే వచ్చే ఆదివారం ఉసిరిచెట్టు అక్కడే ఉంటుంది. ఇక్కడ ఉండేది ఒక్క వారాంతం. ఎవరికి వీలైనా కాకపోయినా చెట్టు ఆగదు.

ఇప్పుడు కొత్తవాడి సంగతికొద్దాం. నేను హైదరాబాదు నుంచి అక్టోబర్లో వచ్చాను. నిషికసాయ్‌లో ఇల్లు. అక్కడ మనవాళ్ళు బోలెడు మంది, కందిపప్పు నుంచి కరివేపాకు దాకా అన్నీ దొరుకుతాయి. ఆఫీసులో అందరూ మర్యాదస్తులే, కానీ పని దాటి ఒక్క మాట ఉండదు. వాళ్ళకి ఇంగ్లీషు మొహమాటం, నాకు జపనీసు భయం. ఇలాంటప్పుడు మనలో చాలామంది అనుకునే మాట ఒకటుంది: "ముందు భాష కాస్త రానీ, తర్వాత కలుద్దాంలే". వినడానికి చాలా సబబుగా ఉంటుంది. దానికి ఏళ్ళు పడుతుందన్న సంగతి మాత్రం అందులో వినపడదు.

మార్చిలో టీములో ఓ షీట్ తిరిగింది, హనామికి ఎవరేం చేస్తారో రాయమని. అందులో చోటు కాయడం అని ఒక వరస. పొద్దున్నే వెళ్ళి పట్టా పరిచి, అందరూ వచ్చేదాకా దాని మీద కూచోవాలి. సాధారణంగా జూనియర్ల నెత్తిన పడే పని. దీనికి భాష అక్కర్లేదు కదా అని నా పేరు రాసేశాను.

చోటు అసుకయామా పార్కు. చిన్న గుట్ట, కింద నుంచి ట్రాము పోతుంటుంది. 1720ల్లో షోగన్ తొకుగావా యోషిమునే ఇక్కడ వెయ్యికి పైగా సాకురా మొక్కలు నాటించి, మామూలు జనం వచ్చి తిని తాగి పోవచ్చన్నాడు. 1873లో జపాను మొట్టమొదటి పబ్లిక్ పార్కుల్లో ఇదీ ఒకటైంది. అంటే మేం పట్టా పరిచిన చోట మూడొందల ఏళ్ళుగా ఎవరో ఒకరు పరుస్తూనే ఉన్నారు.

పొద్దున ఏడింటికి వణికించే చలి. పూలకాలంలో వచ్చే చలికి జపనీసులో విడిగా ఓ పేరే ఉంది, హనాబియె అని. పట్టా కింద అట్టపెట్టెలు పరిచి నేనూ, ఇంకొకతనూ కూచున్నాం. నాలుగు గంటలు. ఫోన్లో అనువాదం, చేతి సైగలు, చెరో పది ముక్కల భాష. అతను 2020 ఏప్రిల్లో ఉద్యోగంలో చేరాడట. కోవిడ్ వల్ల ఆ ఏడాదీ, ఆ తర్వాత రెండేళ్ళూ మా వాళ్ళెవరూ పట్టా బయటికి తీయలేదు. ఉయెనో పార్కులో కూడా కూచుని విందులు చేసుకోవడానికి మళ్ళీ ఒప్పుకున్నది 2023లోనే. ఈలోగా అతనికి పని నేర్పిన పెద్దాయన రిటైరైపోయారు. "రెండేళ్ళు రోజూ స్క్రీన్ మీద మాట్లాడుకున్నాం. ఒక్కసారి కూడా కలిసి తినలేదు" అన్నాడు. అనువాదం ఎలా వచ్చిందో గానీ, చెప్పాక అతను చాలాసేపు ఫోన్ కేసి చూడలేదు.

పదకొండింటికి మిగతావాళ్ళొచ్చారు. చెప్పులు విప్పి పట్టా మీద కూచోవాలి. అదేంటో, బూట్లు విప్పగానే మా మేనేజరు కూడా వేరే మనిషైపోయారు! నాది శాకాహారం, ఇక్కడ అది పెద్ద చిక్కు. చూడ్డానికి కూరలా ఉన్నదాన్ని కూడా చాలాసార్లు చేపల రసంలోనే ఉడికిస్తారు. అందుకే పులిహోర చేసుకెళ్ళాను, చల్లారినా బావుండేది అదొక్కటే. జపాను బియ్యం కదా, పలుకు పలుకుగా రాలేదు, ముద్ద కట్టింది. అదే మంచిదైంది, పుల్లలతో అందరికీ చక్కగా అందింది. ఈ పుల్లని పదార్థం ఏంటి, పసుపు ఎందుకు, మిరపకాయ తినాలా తీసేయాలా అని ఒకటే ప్రశ్నలు. ఆరు నెలల్లో నన్నెవరూ అడగనన్ని ప్రశ్నలు ఆ మధ్యాహ్నం అడిగారు. నాకొచ్చిన జపనీసంతా రెండు గంటల్లో అయిపోయింది, మాటలు మాత్రం అవలేదు.

సోమవారం ఆఫీసు మళ్ళీ మామూలే. ఎవరి స్క్రీన్ వాళ్ళది. ఒక్క పట్టాతో అందరం చుట్టాలమైపోయామని చెప్తే అబద్ధమే. కానీ పన్నెండింటికి భోజనానికి లేస్తూ ఇద్దరు నా బల్ల దగ్గర ఆగారు. ఆ తర్వాత కూడా ఆగుతూనే ఉన్నారు.

అందుకని కొత్తగా వచ్చేవాళ్ళకి నేను చెప్పేది ఒకటే. పిలిస్తే వెళ్ళండి. పిలవకపోతే "నేనూ రావచ్చా" అని అడగండి, ఆ ఒక్క వాక్యం నేర్చుకుంటే చాలు. తేలిగ్గా విప్పే బూట్లు, లోపల వెచ్చటి బట్టలు, చెత్త ఇంటికి తెచ్చుకోవడానికి ఓ సంచీ. కొమ్మలు వంచి ఫోటోలు దిగకండి, వేళ్ళ మీద తొక్కకండి. చేత్తో ఏదైనా వండి పట్టుకెళ్ళండి, కుదిరినట్టు కుదురుతుంది.

మొదటి ఏడాదేగా, వచ్చే ఏడాది చూద్దాంలే అనుకోకండి. ప్రాజెక్టు అయిపోవచ్చు, వీసా గడువు తీరచ్చు, ఇంట్లో పనిపడి వెనక్కి వెళ్ళాల్సి రావచ్చు. మన వృత్తిలో వచ్చే మార్చికి ఏ ఊళ్ళో ఉంటామో ఎవరు చెప్పగలరు? సాకురాకి ఆ గొడవ లేదు, దాని టైముకి అది పూస్తుంది. ఆ శనివారం ఖాళీగా ఉంచుకోవాల్సింది మనమే.