నా బిల్లే నా మీద సాక్ష్యం

పేటెంటు చేతికొస్తే పట్టాదారు పాసుపుస్తకం వచ్చినట్టే అనుకున్నాను. పొలం నాదని తేలిపోయింది, ఇక గట్టు జరిపినవాణ్ణి కోర్టుకీడ్చడమే తరువాయి.

మాది బాలానగర్‌లో చిన్న యూనిట్. గ్యాస్ గీజర్లకు ఇగ్నైటర్లు చేస్తాం. రెండు బ్యాటరీల మూడు వోల్టులు ట్రాన్స్‌ఫార్మర్ దాటేసరికి పదివేల వోల్టుల పైమాటే. ఎలక్ట్రోడ్ కొసన నాలుగు మిల్లీమీటర్ల సందులో గాలిని చీల్చుకుని దూకుతాయి. ఆ దూకుడులో రేడియో తరంగాలు పుడతాయి. 1880ల చివర్లో హెర్ట్జ్ వాటి ఉనికిని రుజువు చేసింది ఇలాంటి స్పార్క్‌తోనే. ఆయన కావాలని పుట్టించాడు, మాకు వద్దన్నా పుట్టేవి. పక్కన మీడియం వేవ్ రేడియో ఉంటే గరగరలాడేది. స్పార్క్ పడ్డప్పుడల్లా గీజర్ డిస్‌ప్లే ఆరిపోయి మళ్లీ మొదటికొచ్చేది.

బోర్డు నుంచి కేబుల్ బయల్దేరేచోట ఒక రెసిస్టర్ పెట్టాను. గోల చాలావరకు తగ్గింది. పేటెంటుకు వేశాను, వచ్చింది.

కొన్నాళ్లకు ఇంకో తయారీదారు ఇగ్నైటర్‌లోనూ రెసిస్టర్ ఉందని ఎవరో చెప్పారు. "ముందు ఒకటి కొని విప్పి చూద్దాం సార్" అన్నారు వకీలుగారు. "పేటెంటు నా దగ్గరుంటే ఇంకా చూసేదేంటండీ" అన్నాను. నోటీసు, ఆ వెంటనే దావా.

వాళ్లు నా పేటెంటునే రద్దు చెయ్యమని ఎదురు దావా వేశారు. అలా వేస్తే కేసు జిల్లా కోర్టు నుంచి హైకోర్టుకు వెళ్తుంది. ఫీజులు కూడా ఆ ఎత్తుకే వెళ్తాయి. పేటెంట్ల చట్టం 13(4) సెక్షన్ అప్పుడు చదివాను: ఆఫీసు పరిశీలించి ఇచ్చినంత మాత్రాన పేటెంటు చెల్లుతుందని పూచీ లేదు. మీర్జాపూర్ పాత్రల తయారీ కేసులో సుప్రీంకోర్టు 1978లోనే ఈ మాట అంది. పనితెలిసినవాడికి తట్టే మామూలు మార్పు ఆవిష్కరణ కాదని ఆ పేటెంటును నిలవనివ్వలేదు. నాదీ ఆ బాపతే. రేడియో గోల తగ్గించడానికి కార్ల స్పార్క్ ప్లగ్గుల్లో రెసిస్టర్ పెట్టడం దశాబ్దాలుగా ఉన్న పని. నేను రోజూ నడిపే కారులోనే ఉంది!

అది చాలదన్నట్టు వాళ్లొక బిల్లు బయటపెట్టారు. నేను ఇచ్చిందే. మార్కెట్ ఎలా ఉంటుందో చూద్దామని ఆత్రపడి, దరఖాస్తు వేయకముందే అదే ఇగ్నైటర్‌ను ఒక డీలరుకు అమ్మిన బిల్లు, కింద నా సంతకంతో. దరఖాస్తుకు ముందే దేశంలో బహిరంగంగా వాడకంలో ఉండడం పేటెంటు రద్దుకు చాలిన కారణం.

దావా వెనక్కి తీసుకుని, పేటెంటు వదులుకున్నాను. వాళ్ల ఇగ్నైటర్ కొని విప్పింది ఆ తర్వాతే. రెసిస్టర్‌ను స్పార్క్ పడేచోటికి ఆనించి, ఎలక్ట్రోడ్ దగ్గరే పెట్టారు. నాది బోర్డు దగ్గర ఉండటంతో, దాని అవతల కేబుల్‌లో చేరిన ఛార్జి అడ్డూ ఆపూ లేకుండా ఒక్కసారిగా దూకేది, ఆ కేబులే యాంటెన్నా అయ్యేది. వాళ్ల దాంట్లో ఆ ఛార్జి కూడా రెసిస్టర్ దాటాల్సిందే. పైగా నా క్లెయిములో "బోర్డుకూ కేబుల్‌కూ మధ్య" అని పట్టుబట్టి రాయించింది నేనే. అంటే పేటెంటు నిలిచినా వాళ్లు దాని జోలికి వచ్చినట్టు కాదు.

ఇప్పుడు మేమూ ఎలక్ట్రోడ్ దగ్గరే పెడుతున్నాం.