మేం ముక్కుతో తాగుతాం!

విస్కీ రివ్యూలు చదివే అలవాటుంటే మీకూ అనుభవమే. హెదర్ పూలు, క్రిస్మస్ కేకు, పాత తోలు కుర్చీ, తడిసిన ఉన్నికోటు... ఇలా వరసపెట్టి వాసనలు రాసుకుంటూ పోతారు. హెదర్ పువ్వు నేనెప్పుడూ చూళ్లేదు. ఉన్నికోటు తడిస్తే ఎలా ఉంటుందో హైదరాబాద్‌లో ఉండేవాడికి ఎవరు చెప్తారు? స్కాట్లాండ్‌లో పెరిగినవాళ్ల ముక్కుకి అవి గుర్తొస్తాయి, వాళ్ల తప్పేం లేదు. మన ముక్కుకి గుర్తొచ్చేవి వేరే.

నా నోట్‌బుక్‌లో కొన్ని: ‘బెల్లం పాకం, ఒక్క నిమిషం ముదిరింది.’ ‘పనసతొన.’ ‘వానకి తడిసిన గోనెసంచి.’ ‘అటక మీద పాత ట్రంకుపెట్టె మూత తీసినప్పుడు.’ చదివినవాడికి గ్లాసు ముట్టకుండానే ముక్కుకి ఏదో ఒకటి తగలాలి. తగలకపోతే అది రేటు కార్డే.

మేం నలుగురం. నెలకో శనివారం ఒకరింట్లో కూర్చుంటాం. రెండు సీసాలు, తలా 30 ఎం.ఎల్. చొప్పున. అంతే. 750 ఎం.ఎల్. సీసాలో 25 స్మాల్స్ ఉంటాయి కదా, అలా ఒక్కోటి ఏడెనిమిది సార్లు వస్తుంది. ఈ లెక్క విన్న మా ఆఫీసులో ఒకాయన “అది తాగడమా, తీర్థమా?” అన్నారు. తీర్థమే అనుకోండి. బండ్లు మాత్రం ఎవరం తీయం. ఊదితే 100 ఎం.ఎల్. రక్తానికి 30 మిల్లీగ్రాములు దాటితే కేసు. ఊదమనేవాళ్లు లేకపోయినా తీయం.

పద్ధతి చెప్తా. ముందు పెరుగన్నం తినేస్తాం. నవ్వకండి. మిర్చీబజ్జీ, చికెన్ 65 నమిలిన నాలుక మీద ఎంత ఖరీదైన విస్కీ పోసినా దానికి కారం తప్ప ఏం తెలీదు. గ్లాసు పొట్ట పెద్దది, మూతి చిన్నది, చిన్న ముంతలా ఉంటుంది. పోశాక ఐదు నిమిషాలు ఎవరూ తాగం. నోరు కాస్త తెరిచి ఉంచి మెల్లగా వాసన చూడాలి. ముక్కు గ్లాసులో ముంచేస్తే స్పిరిట్ ఘాటుకి కళ్లల్లో నీళ్లే. తర్వాత ఒక చిన్న గుటక, నాలుక మీద నాలుగు మూలలా తిప్పి. తర్వాత నాలుగు చుక్కల నీళ్లు. ఈ నీళ్ల సంగతి ఉత్త నమ్మకమనుకున్నాం గానీ, 2017లో స్వీడన్‌లోని లిన్నేయస్ యూనివర్సిటీ పరిశోధకులు కంప్యూటర్ లెక్కలు కట్టి చూశారు. గ్వాయకాల్ అని, విస్కీకి పొగవాసన ఇచ్చే పదార్థం ఒకటుంది. నీళ్లు కలిపితే అది ద్రవం పైభాగానికి చేరుతుందట. అంటే మన ముక్కు దగ్గరికి. ఐస్ వేస్తే మాత్రం వాసన ముడుచుకుపోతుంది. కూల్‌డ్రింక్ కలుపుకుంటారా, మీ డబ్బు మీ ఇష్టం. రివ్యూ మాత్రం రాయకండి, అది కూల్‌డ్రింక్ రివ్యూ అవుతుంది.

అసలు మన వైన్‌షాపులో ‘విస్కీ’ అని అడిగితే ఇచ్చేవాటిలో చాలావరకు చెరకు మడ్డి నుంచి తీసిన స్పిరిట్‌కి కాస్త మాల్ట్ కలిపినవి. యూరప్‌లో వాటిని విస్కీ పేరుతో అమ్మనివ్వరు. సింగిల్ మాల్ట్ అంటే మొలకెత్తించిన బార్లీతో, ఒకే డిస్టిలరీలో తయారై, కొయ్య పీపాలో ఏళ్లు గడిపినది. బెంగళూరు అమృత్ వాళ్లు తమ సింగిల్ మాల్ట్‌ని 2004లో ఎక్కడ విడుదల చేశారో తెలుసా? గ్లాస్గోలో. ఆత్రేయపురం వెళ్లి పూతరేకులు అమ్మినట్టన్నమాట! అమ్మారు కూడా. జిమ్ మర్రే 2010 విస్కీ బైబిల్‌లో అమృత్ ఫ్యూజన్‌ని ప్రపంచంలో మూడో స్థానంలో పెట్టాడు.

“ఎన్నేళ్లది?” అని మనవాళ్లు మొదట అడిగే ప్రశ్న ఇక్కడ పనిచేయదు. పీపాలో విస్కీ కొయ్యలోంచి కొంచెం కొంచెంగా ఆవిరైపోతుంటుంది. దాన్ని దేవతల వాటా అంటారు. స్కాట్లాండ్ చలిలో ఏడాదికి దాదాపు 2 శాతం. బెంగళూరులో 10 నుంచి 12. లెక్కేస్తే ఎనిమిదేళ్లకి పీపాలో సగం కూడా మిగలదు. అమృత్ వాళ్లు తమ ఎనిమిదేళ్ల విస్కీకి ‘గ్రీడీ ఏంజెల్స్’ అని పేరు పెట్టారు. ఆశపోతు దేవతలు! మన ఎండకి కొయ్య రుచి కూడా గబగబా దిగుతుంది కాబట్టి, నాలుగైదేళ్ల మన సరుకుని పన్నెండేళ్ల స్కాచ్ పక్కన ధైర్యంగా పెట్టొచ్చు.

ఇక ఐలా దీవి లఫ్రాయిగ్. చిత్తడి నేలల్లో వేల ఏళ్లు మగ్గిన మొక్కల మట్టి, అదే పీట్, ఆ పొగలో బార్లీని ఆరబెడతారు. మూత తీయగానే టింక్చర్, కట్టు గుడ్డ, గవర్నమెంట్ ఆస్పత్రి వరండా. మనవాళ్లు మందుని మందు అని ఎందుకన్నారో ఆ రోజు అర్థమైంది. మాలో ఇద్దరికి ప్రాణం, ఒకడికి పరమ చిరాకు.

మా అమ్మ దృష్టిలో ఇవన్నీ ఒకటే. ఆవిడది నెల్లూరు జిల్లా. 1992లో దూబగుంట ఆడవాళ్లు సారా మీద తిరగబడ్డప్పుడు ఆవిడ అక్కడే ఉంది. కూలి డబ్బులు ఇంటికి రాకముందే సారా కొట్టులోకి ఎలా వెళ్లిపోయేవో చూసిన మనిషి. నా నోట్‌బుక్ తిరగేసి, “వాసనలు బాగా రాశావు. తాగినోడి నోటి వాసన ఎక్కడ రాశావు?” అంది. జవాబు చెప్పలేదు నేను. ఆ రోజు నుంచి ప్రతి రివ్యూ కింద ఒక లైను రాస్తున్నా: ఎంత పోశాం, ఎన్ని గంటలు కూర్చున్నాం, పొద్దున ఎలా లేచాం. 92 మార్కులొచ్చిన ఒక సీసా కింద ‘పొద్దున తలనొప్పి, ఆదివారం పోయింది’ అని ఉంది. మార్కులు తగ్గించలేదు. ఆ లైనూ కొట్టేయలేదు.

నాలుగోవాడి సంగతి చెప్పలేదు కదూ. రెండేళ్ల క్రితం లివర్ రిపోర్టు చూసి డాక్టర్ మానేయమన్నారు, మానేశాడు. అయినా వచ్చేవాడు. వాడి గ్లాసులో పది చుక్కలు పోస్తే వాసన చూసి పక్కన పెట్టేసేవాడు. విచిత్రం ఏంటంటే మా అందరిలో వాడి ముక్కే గొప్పది. ఫ్యూజన్‌లో మామిడితాండ్ర పట్టింది వాడే. అప్పటిదాకా ‘ఏదో పండు’ అని గింజుకుంటున్నవాళ్లం, వాడనగానే ముగ్గురికీ తాండ్రే. పిలవడం న్యాయమేనా అని మాలో మేం చాలాసార్లు అనుకున్నాం. వాణ్నే అడిగితే, “వాసనకి లివర్‌తో పనేంట్రా?” అనేవాడు.

మొన్న మే నెలలో ఫోన్ చేశాడు. “ఈసారి రాను మామా. వాసన దగ్గర ఆగాలనిపించట్లేదు.”

అంతకంటే ఏం చెప్పలేదు, మేం అడగలేదు. ఆ నెల సీసాలు తీయలేదు. బంగినపల్లి, చెరకురసం, పెద్దరసం, హిమాయత్ తలా రెండేసి పళ్లు తెచ్చి, అవి పట్టుకుని వాడింటికే వెళ్లాం. కళ్లకి తువ్వాలు కట్టుకుని, పద్ధతి అదే, ముందు వాసన, తర్వాత ఒక ముక్క, మధ్యలో మంచినీళ్లు. నోట్‌బుక్ వాడి చేతికే ఇచ్చాం. హిమాయత్‌ని వాసనకే పట్టేశాడు. చెరకురసానికి 91 వేశాడు. నాకైతే 88 దాటదు. టెంక దగ్గర పీచు మరీ ఎక్కువ.