శబ్దము వేఱు, శక్తి వేఱు

చప్పుడెక్కువగా నున్నచోట బలము కూడ నెక్కువగా నుండునని తలంచుట మనుష్యులకు సహజము. పెక్కేండ్లుగా పైతరగతులకు భౌతికశాస్త్రము బోధించుచున్న నేనును ఈ భ్రమకు లోబడితిని. గడచిన ఏప్రిల్ నెలలో నొక యంత్రము నా పొరపాటును అంకెలలో వ్రాసి నా చేతికిచ్చినది. తరగతిలో పలికిన తప్పుమాటను పాఠశాల పత్రికలో దిద్దుకొనుట న్యాయమని తోచి యీ వ్యాసమును వ్రాయుచున్నాను.

నాకొక పెట్రోలు మోటారు సైకిలు కలదు. ఒకటే సిలిండరు, 350 ఘన సెంటీమీటర్ల ఇంజను. దాని చప్పుడు వీధి మలుపున వినబడగానే బాలురు కేకలు మాని వరుసలలో నిలుచుందురు. నా తమ్ముని కుమారుడు కళాశాల విద్యార్థి. అతడు విద్యుత్తుతో నడచు మోటారు సైకిలును కొనెను. అది వచ్చినట్లును పోయినట్లును తెలియదు. "ఇది బండియా, కుట్టుమిషనా?" యని నేను తరగతిలోనే పరిహసించితిని. బాలురందఱు నవ్విరి. ఆ మాట అతని చెవిని బడినది.

ఆ సాయంకాలము అతడు రెండు బండ్ల పుస్తకములను నా యెదుట నుంచి, "పెదనాన్నా, మీ బండి టార్కు 27 న్యూటన్ మీటర్లు. నా బండిది 170. ఇప్పుడేమందురు?" అని యడిగెను. టార్కనగా త్రిప్పెడి బలము. నాకు వెంటనే ప్రత్యుత్తరము తోచలేదు. సమీపమందలి యొక ఇంజనీరింగు కళాశాలలో యంత్రపరీక్షశాలను నా పూర్వశిష్యుడు చూచుచున్నాడు. శనివారమునాడు రెండు బండ్లను అచ్చటికి తీసికొనిపోతిమి.

అక్కడి యంత్రమునకు డైనమోమీటరని పేరు. బలమును కొలుచునదని యర్థము. ఒక నిమిషములో 33,000 పౌనుల బరువును ఒక అడుగు ఎత్తు లేపగల శక్తిని జేమ్స్ వాట్ అశ్వశక్తి యనెను. అది నేటి లెక్కకు 746 వాట్లు. ఇంజను శక్తిని బిగింపు బ్రేకుతో నాపి కొలుచు పద్ధతిని 1821లో ఫ్రాన్సు దేశీయుడగు ప్రోనీ కల్పించెను. ఓడల యింజనులకై 1877లో విలియం ఫ్రౌడ్ నీటి బ్రేకును నిర్మించెను. మేము చూచిన యంత్రమున నేలలో నమర్చిన పెద్ద ఉక్కు రోలరు కలదు. బండి ముందుచక్రమును బిగించి, వెనుకచక్రమును రోలరుపై నిలిపెదరు. బండి కదలదు, రోలరు తిరుగును. రోలరు జడత్వము ముందే తెలిసినది గనుక, అది ఎంత త్వరగా వేగము పుంజుకొన్నదో చూచి, చక్రము చూపిన శక్తిని లెక్కగట్టుదురు.

మొట్టమొదట నా శిష్యుడు మా తగవును దీర్చెను. "మాష్టారూ, 27 అనునది ఇంజనువద్ద కొలిచినది, 170 చక్రమువద్ద కొలిచినది. రెంటిని పోల్చుట గజములను మైళ్లతో పోల్చుటయే" యనెను. నా బండి మొదటి గేరులో ఇంజను రమారమి పదునైదు చుట్లు తిరిగినగాని చక్రమొక చుట్టు తిరుగదు. వేగము తగ్గిన మేరకు త్రిప్పెడి బలము పెరుగును. కావున దారిలోని నష్టమును విడిచినచో, ఆ 27 చక్రమువద్దకు వచ్చుసరికి 400 దాటును. నా తమ్ముని కుమారుని ముఖము చిన్నబోయెను. నేను మీసము దువ్వుకొంటిని.

ఆ సంతోషము నాకు నిలువలేదు. నా బండి పుస్తకమున 20 అశ్వశక్తులని యుండగా, చక్రమువద్ద 17 మాత్రమే తేలెను. తక్కినది గేర్లలోను, గొలుసులోను, టైరు ఒరిపిడిలోను వ్యయమైనది. ఆ 17 కూడ సవరించిన యంకె. నాటి యెండ 40 డిగ్రీలు. వేడిగాలి పలుచనిది, ఇంజనుకు ప్రాణవాయువు తక్కువగా నందును. అందుచేత 25 డిగ్రీల గాలికి సరిపోవునట్లు నూటికి మూడు నాలుగు పాళ్లు చేర్చెదరు. "మీ బండికి గ్రేసు మార్కులా, పెదనాన్నా?" యని అతడు నవ్వెను. విద్యుత్తు బండికి గాలితో పనిలేదు గనుక అట్టి సవరణ దానికి లేదు.

పిమ్మట అతని బండిని రోలరుపై నెక్కించిరి. దానికి మూడు నాలుగు అశ్వశక్తులుండునని నేననుకొంటిని. కాగితముపై 13 కనబడెను! అంతకంటె వింతయైనది గీత యాకారము. నా బండి బలము చిన్న కొండవలె మెల్లగా నెక్కి, మరల దిగినది. అతని బండి నిశ్చలముగా నున్నప్పుడే పూర్తిబలముతో లాగి, వేగము హెచ్చినకొలది తగ్గినది. ఇంజను తిరుగుచుండినగాని బలము పుట్టదు. అందుకే దానికి క్లచ్చి, గేర్లు కావలెను. విద్యుత్తు మోటారునకు అవి లేకున్నను జరుగును. కుట్టుమిషను మాట తలంచుకొని నేను సిగ్గుపడితిని.

"ఇంకొక పరీక్ష మిగిలినది" అని నా శిష్యుడు చెప్పెను. మొదటిది కొన్ని క్షణముల పరీక్ష. రెండవదానిలో విద్యుదయస్కాంతపు బ్రేకుతో రోలరును పట్టి, వేగమును గంటకు 60 కిలోమీటర్లవద్ద నిలిపి, అయిదు నిమిషములు పూర్తిబలము నడిగెదరు. నిలిచియున్న బండికి ఎదురుగాలి తగులదు గనుక ముందు పెద్ద ఫ్యాను త్రిప్పిరి. నా బండి గర్జించుచు ఒకే తీరుగ నిలిచెను. అతని బండి రెండు నిమిషములు చక్కగ లాగెను. మోటారు వేడెక్కగానే దానిని కాపాడు నియంత్రకము విద్యుత్తును తగ్గించెను. తుదకు 7 అశ్వశక్తులు మిగిలెను.

నేను గెలిచితినా? లేదు. చివర వారు శక్తివ్యయమును లెక్కగట్టిరి. ఒక లీటరు పెట్రోలులో రమారమి 9 కిలోవాటు గంటల శక్తి కలదు. నా బండి అందులో నాలుగవ వంతుకు మించి చక్రమునకు చేర్చలేదు. శేషము వేడియై పొగగొట్టమునుండియు, ఇంజను రెక్కలనుండియు పోయినది. ఆ ఘనమైన చప్పుడును నష్టములోనిదే. బ్యాటరీనుండి బయలుదేరిన శక్తిలో అయిదింట నాలుగు వంతులు చక్రమునకు చేరినవి. ఘాటురోడ్డుపై దూరప్రయాణమునకు నా బండి మేలు. ఊరిలో అడుగడుగున నాగుచు కళాశాలకు పోవువానికి అతని బండి మేలు. ఏది గొప్పదని యడిగిన యంత్రము పలుకదు. ఏ పనికి, ఎంతసేపని యడిగినచో పలుకును.

తిరిగివచ్చునపుడు నా మనస్సున మెదలినది బండ్లు కావు. రాబోవు పదవ తరగతి బాలురను రెండు జట్లుగ విభజించు జాబితా నా బల్లపై నుండెను. ఎన్నడును నోరు విప్పని యొక బాలుని, ఒక్క పరీక్షలోని మార్కులను జూచి, నేను క్రింది జట్టులో వ్రాసితిని. గట్టిగా జవాబు చెప్పు వేఱొకని పైన వ్రాసితిని. సరిలేని త్రాసును దేవుడు మెచ్చడని ఆదివారపు బడిలో చిన్ననాడే నేర్చితిమి గదా! నేను క్షణముల పరీక్షతోనే తీర్పు చెప్పితిని, చప్పుడునే తూచితిని.

సోమవారము తరగతిలో నా పరిహాసమును వెనుకకు తీసికొని, రెండు గీతలను నల్లబల్లపై గీచి చూపితిని. ఆ బాలుని వారము దినములు ప్రక్కన కూర్చుండబెట్టుకొని, తొందర పెట్టక, లెక్కలు చేయించితిని. అతడు ఆలస్యముగా మొదలుపెట్టును, మొదలుపెట్టినదానిని విడువడు. జాబితాలో అతని పేరును కొట్టివేసి, పైన వ్రాసితిని. అతడు రేపేమగునో నాకు తెలియదు. నా త్రాసును మాత్రము సరిచేసికొంటిని.