నర్సమ్మ కుర్చీ ఖాళీ అయితే...

జబ్బు చేసినప్పుడు నయం చేసిన డాక్టరును జీవితాంతం గుర్తుపెట్టుకుంటాం. మరి రావలసిన జబ్బు రాకుండా పోతే? దాని వెనకా ఓ మనిషి ఉంటుంది. ఆ మనిషి మాత్రం మనకు గుర్తుండదు. బడ్జెట్ రాసేవాళ్లకు అసలే గుర్తుండదు.

నాకు గుర్తుండటానికి కారణం మా పిన్ని. 1980లో ఏఎన్‌ఎంగా చేరింది. 2013లో రిటైరయ్యేదాకా కృష్ణా జిల్లా పల్లెల్లోనే పనిచేసింది. ఊళ్లో అందరికీ ఆవిడ ‘నర్సమ్మగారు’. చిన్నప్పుడు సెలవులకు వెళితే నన్నూ వెంట తీసుకెళ్లేది. బుధ, శనివారాల్లో టీకాలు. నాలుగు ఐస్‌ప్యాకుల మధ్య టీకా సీసాలు పెట్టిన డబ్బా ఒక భుజానికి, రిజిస్టర్ల సంచి ఇంకో భుజానికి. నిజానికి పిన్ని దగ్గర మందుల కంటే రిజిస్టర్లే ఎక్కువ. ఏ ఇంట్లో కోడలికి ఎన్నో నెల, ఏ బిడ్డకు మూడో డోసు పడలేదు, ఎవరి దగ్గు మూడు వారాలైనా తగ్గలేదు... అన్నీ అందులోనే. వర్షాకాలం ముందు బావుల్లో బ్లీచింగ్ వేయించేది. చలిజ్వరమంటే వేలు గుచ్చి గాజుపలకపై రక్తం చుక్క తీసేది. పల్స్ పోలియో రోజుల్లో గడపగడపకీ తిరిగి గోడలపై సుద్దముక్కతో గుర్తులు పెట్టేది. మన దేశం పోలియో రహితమని 2014 మార్చిలో ధ్రువీకరణ వచ్చింది. అప్పటికి పిన్ని ఇంట్లో మనవరాలిని ఆడిస్తోంది.

లెక్క ప్రకారం మైదాన ప్రాంతంలో 5,000 జనాభాకు ఒక సబ్‌సెంటర్ ఉండాలి. కొండ, గిరిజన ప్రాంతాల్లో 3,000 మందికే ఒకటి. ఆపైన 30,000 మందికి ఒక ప్రాథమిక ఆరోగ్య కేంద్రం. ఈ మెట్లలో అన్నింటికన్నా కింది మెట్టు నర్సమ్మ. మేడ ఎక్కాలంటే మొదటి మెట్టు గట్టిగా ఉండాలి కదా!

పిన్ని రిటైరయ్యాక ఆ మెట్టు ఊడిపోయింది. రెండేళ్లపాటు ఆ కుర్చీలోకి ఎవరూ రాలేదు. పక్క సబ్‌సెంటర్ ఆవిడనే ఇక్కడా ఇన్‌ఛార్జిగా వేశారు. కాగితం మీద పోస్టు నడుస్తున్నట్టే. కానీ ఒక మనిషికి రెండు సబ్‌సెంటర్లు, రెండు కట్టల రిజిస్టర్లు. ఆవిడ టీకాల రోజులు తప్పకుండా వచ్చేది. ఇంటింటికీ తిరిగే పని మాత్రం ఆగిపోయింది. అందులో ఆవిడ తప్పేమీ లేదు. రోజుకు ఇరవై నాలుగు గంటలే.

ఆ రోజుల్లోనే మా పిన్ని వీధిలో ఓ అమ్మాయి తొలి కాన్పుకు పుట్టింటికి వచ్చింది. పేరు అత్తగారి ఊరి రిజిస్టర్లో ఉంది, మనిషి ఇక్కడుంది. పాదాలు వాచాయి, తలనొప్పి అంది. ‘కడుపుతో ఉన్నప్పుడు ఇవి మామూలేలే’ అన్నారు ఇంట్లోవాళ్లు. ఎనిమిదో నెలలో ఓ తెల్లవారుజామున ఫిట్స్ వచ్చాయి. మా వైపు పెద్దలు గుర్రపువాతం అనేది దీన్నే. 108 వచ్చింది, పెద్దాసుపత్రికి చేర్చింది. తల్లి బతికింది. బిడ్డ దక్కలేదు.

అప్పుడు పిన్ని విజయవాడలో కొడుకు దగ్గరుంది. తిరిగొచ్చాక ఆ ఇంటికి పరామర్శకు వెళ్లి, బయటికొచ్చాక నాతో ఒకటే మాట అంది: “పుట్టింటికొచ్చిన పిల్లకి బీపీ ఎవరైనా చూశారటే?”

ఎవరూ చూడలేదు. చూసి ఉంటే బిడ్డ దక్కేదని ఎవరూ గట్టిగా చెప్పలేరు. కానీ పెరిగిన బీపీ ముందే తెలిసేది, మందులు పడేవి, ఆసుపత్రికి ముందే వెళ్లేవారు. ఇవన్నీ ఒక బీపీ మిషను, ఒక మనిషి, పది నిమిషాల సమయంతో అయ్యే పనులు.

నా బాధంతా ఇక్కడే. పిన్ని పుట్టినతేదీ సర్వీసు రిజిస్టర్లో మొదటి రోజు నుంచీ ఉంది. ఎప్పుడు రిటైరవుతుందో ఏళ్ల ముందే తెలుసు. తుపాను చెప్పి రాదు, రిటైర్మెంటు చెప్పే వస్తుంది. అయినా ఖాళీ ఏర్పడ్డాకే ఫైలు కదులుతుంది. అది ఆర్థిక శాఖ అనుమతి, నోటిఫికేషన్, నియామకం దాటి వచ్చేసరికి ఊరికి ఏళ్లు గడిచిపోతాయి. భర్తీ కాని పోస్టు జీతం ఖజానాకు మిగులులా కనిపిస్తుంది. ఆ మిగులు ఏ ఇంటి ఖాతాలో ఖర్చుగా పడిందో ఏ లెక్కల పుస్తకమూ చెప్పదు.

డబ్బు అసలే రావడం లేదని కాదు. 2005లో జాతీయ గ్రామీణ ఆరోగ్య మిషన్ వచ్చాక ఆశా కార్యకర్తలు వచ్చారు. సబ్‌సెంటర్‌కు ఏటా 10,000 రూపాయలు ఇచ్చి, ఏఎన్‌ఎం, సర్పంచి ఉమ్మడి ఖాతాలో వేశారు. పిన్ని ఆ డబ్బుతో పరీక్ష బల్లకు అడ్డంగా కర్టెను కట్టించింది, కుర్చీలు కొంది. చిన్న మొత్తమే, కానీ పల్లెలో ఆడవాళ్లకు ఆ కర్టెను విలువ తెలుసు. ఆ మిషన్ కింద చాలామంది నర్సమ్మలను కాంట్రాక్టు మీద తీసుకున్నారు. నిధుల్లో కేంద్రానిది 60, రాష్ట్రానిది 40 వంతు. ఈ పద్ధతి వచ్చాక విడుదల ఎక్కడ ఆలస్యమైనా మొదట ఆగేది కాంట్రాక్టు జీతమే.

2017 జాతీయ ఆరోగ్య విధానం పెద్ద మాటే చెప్పింది. ప్రభుత్వ ఆరోగ్య వ్యయం 2025 నాటికి జీడీపీలో 2.5 శాతానికి చేరాలని, అందులో మూడింట రెండొంతులు ప్రాథమిక వైద్యానికే వెళ్లాలని. జాతీయ ఆరోగ్య లెక్కల్లో 2021-22కి తేలింది 1.84 శాతం. ఆ ఏడాది దేశంలో ఆరోగ్యానికి అయిన ప్రతి వంద రూపాయల్లో సుమారు 39 జనం జేబుల్లోంచే పోయాయి.

2007లో మొదలైన ఆరోగ్యశ్రీ ఎందరి ప్రాణాలనో నిలబెట్టింది. కాదనలేం. గుండె ఆపరేషనయిన మనిషి ఫొటోకు నిలబడతాడు, కృతజ్ఞత చెబుతాడు. రాని జబ్బుకు ఫొటో ఉండదు. అందుకే పెద్దాసుపత్రి బిల్లుకు దొరికే శ్రద్ధ నర్సమ్మ కుర్చీకి దొరకదు.

2015లో ఆ ఊరికి కొత్త నర్సమ్మ వచ్చింది. ఆ అమ్మాయి రెండో కాన్పుకు వస్తే పేరు రాసుకుంది, బీపీ చూసింది. ఎక్కువగా ఉందని ముందే ఆసుపత్రికి పంపింది. ఇప్పుడా పిల్లాడు బడికెళుతున్నాడు. తర్వాత 2019లో గ్రామ సచివాలయాలతో పాటు ఏఎన్‌ఎం పోస్టులూ వచ్చాయి. సబ్‌సెంటర్ల బోర్డుల మీద ఇప్పుడు ఆయుష్మాన్ ఆరోగ్య మందిర్ అని ఉంటోంది. బోర్డు మారడం మంచిదే. బోర్డు కింద మనిషి ఉండటం అంతకంటే మంచిది.

ఈసారి గ్రామసభ జరిగితే రోడ్డు, కాలువల తర్వాతయినా మూడు ప్రశ్నలు అడుగుదాం. మన ఆరోగ్య కేంద్రంలో ఉండాల్సిన పోస్టులెన్ని, ఉన్నవారెందరు? ఈ ఏడాది నిధులు వచ్చాయా, దేనికి ఖర్చయ్యాయి? మూడోది అన్నింటికన్నా ముఖ్యం, పైసా ఖర్చు లేనిది:

మన నర్సమ్మగారు ఎప్పుడు రిటైరవుతున్నారు?