ఎదురొచ్చే విమానం

జనవరి 12, 2025, ఆదివారం
ఎల్లుండే సంక్రాంతి. ఎండెక్కితే గాలిపటాలు లేస్తాయి. మాంజా దారం మా రిమోట్ విమానం ప్రొపెల్లర్‌కు చుట్టుకుందంటే మోటారు అక్కడికక్కడే ఆగిపోతుంది. అందుకే మంచు విడగానే మైదానానికి వెళ్ళాం.

ఒక బ్యాటరీకి ఒకటే సాధన అని కిందే తేల్చుకుని ఎగరేయాలి. లేచాక ఏం చేద్దామా అని చూస్తుంటే ప్యాక్ ఖాళీ అవుతుంది, చేతికేమీ పట్టుబడదు. ఇవాళ ఎనిమిది అంకె. రెండు సున్నాలూ కలిసే చోటు సరిగ్గా మనకెదురుగా ఉండాలి. ప్రతి మలుపూ మన నుంచి దూరంగా తిరగాలి. రెక్క వాల్చిన కొద్దీ, పైకి లేపే బలంలో కొంత పక్కకు పోతుంది. ఆ మేరకు ఎలివేటర్ లాగి పట్టకపోతే ఎత్తు తగ్గిపోతుంది. మా మేనల్లుడికి ఎడమ సున్నా బాగానే వస్తోంది, కుడిది ప్రతిసారీ సాగిపోతోంది. ఇకమీదట వాడు ఎక్కువ తిప్పాల్సింది కుడికే.

జనవరి 19, ఆదివారం
"మావయ్యా, ఎదురొస్తుంటే కుడి ఎడమలు తారుమారైపోతున్నాయి."

"కుడి ఎడమల సంగతి వదిలెయ్‌రా. ఏ రెక్క కిందికి వాలిందో చూడు, స్టిక్ అటే నెట్టు. ఒరిగే గోడకు ఊతకర్ర పెట్టినట్టు."

దూరంగా, ఎత్తులో మొదలుపెట్టి నేరుగా మా వైపు రప్పించడం, నెత్తిమీదికి రాకముందే పక్కకు తిప్పేయడం. ఇదొక్కటే పదేపదే. మొదట్లో స్టిక్ మీద వాడి బొటనవేలి గోరు తెల్లబడేంత బిగింపు. సగం ప్యాక్ అయ్యేసరికి ఆ వేలు వదులైంది. నాకెంత సంతోషమైందో! ఈ ఎదురు రాకలో నేర్చుకునేవాళ్ళ విమానాలు తరచూ కూలుతుంటాయి. రాత్రి సిమ్యులేటర్‌లో కూడా ఇదే చేయమన్నాను.

ఫిబ్రవరి 2, ఆదివారం
ఇవాళ స్టాల్ సాధన. దీనికి కాస్త ఎత్తు కావాలి. మామూలుగా అనుమతి అక్కర్లేని గ్రీన్ జోన్‌లో కూడా అది లేకుండా 400 అడుగులు దాటకూడదని 2021 డ్రోన్ నియమాలు. నేర్చుకోవడానికి అంత ఎత్తు అక్కర్లేదు కూడా. థ్రాటిల్ తగ్గించి, ఎలివేటర్ మెల్లగా లాగుతూ పోతే ముక్కు లేచి, వేగం చచ్చి, ఒక రెక్క జారుతుంది; అదే స్టాల్. అప్పుడు లాగిన ఎలివేటర్ వదలాలి, థ్రాటిల్ ఇవ్వాలి. జారిన రెక్కను ఐలెరాన్‌తో లేపబోతే ఇంకా జారుతుంది, రడ్డరే వాడాలి.

ఫిబ్రవరి 9, ఆదివారం
దిగడం, చక్రాలు నేలకు తగలగానే మళ్ళీ లేవడం. దిగేటప్పుడు వేగం ఎలివేటర్ చేతిలో, ఎత్తు థ్రాటిల్ చేతిలో ఉంటాయని వాడికి ఇవాళ ఒంటబట్టింది. బ్యాటరీలో మూడో వంతు మిగిలుండగానే దించేయమన్నాను. దిగడం కుదరకపోతే మళ్ళీ చుట్టు తిరిగి రావడానికి అది కావాలి. వచ్చేవారం పక్కగాలి వీస్తే ఇదే సాధన, రడ్డర్‌తో ముక్కు సరిచేస్తూ.