తీర్పుకు కట్టుబడిన వకీలు

విశాఖపట్నం

ప్రియమైన మిత్రమా,

నువ్వు ఢిల్లీ వెళ్ళాక రాసిన మొదటి ఉత్తరం అందింది. ఎన్నికల్లో నిలబడమని నీ మీద ఒత్తిడి వస్తోందనీ, ప్రాక్టీసు వదులుకుంటే ఇన్నేళ్ళు చదివిన న్యాయశాస్త్రం వృథా అవుతుందేమోననీ రాశావు. దానికి జవాబుగా వరాహగిరి వెంకటగిరి గారి సంగతి రాస్తున్నాను. రాష్ట్రపతిగా ఆయన్ని అందరం ఎరుగుదుం. నాకు ఆయనలోని వకీలు ముఖ్యం.

1894లో బరంపురంలో పుట్టారు. తండ్రి జోగయ్య పంతులు గారూ న్యాయవాదే. లా చదవడానికి 1913లో డబ్లిన్ వెళ్ళి, ఐరిష్ స్వాతంత్ర్య పోరాటంతో సంబంధం పెట్టుకున్నందుకు 1916లో ఆ దేశం విడిచి రావలసి వచ్చింది. మద్రాసు హైకోర్టులో న్యాయవాదిగా నమోదయ్యారు. సహాయ నిరాకరణకు గాంధీ గారు పిలుపిచ్చినప్పుడు ప్రాక్టీసు మానేశారు.

ఆ తర్వాత ఆయన కక్షిదారులు కార్మికులే. 1928లో, అప్పట్లో మన వాల్తేరుదాకా వచ్చే బెంగాల్ నాగపూర్ రైల్వేలో, ఉద్యోగాలు ఊడినవాళ్ళ కోసం శాంతియుతంగా సమ్మె నడిపారు. 1937 ఎన్నికల్లో బొబ్బిలి రాజా గారిని ఓడించి, రాజాజీ మంత్రివర్గంలో కార్మిక, పరిశ్రమల శాఖలు చూశారు. 1952లో పాతపట్నం నుంచి లోక్‌సభకు వెళ్ళి నెహ్రూ గారి ప్రభుత్వంలో కార్మిక మంత్రి అయ్యారు.

ఇక్కడే నువ్వు కాస్త ఆగి చూడాలి. వకీలు మంత్రి అయితే ప్రతి తగాదానీ ట్రిబ్యునల్‌కు పంపిస్తాడనుకుంటాం. గిరి గారు అలా చేయవద్దన్నారు. యాజమాన్యం, కార్మిక సంఘం ఎదురెదురుగా కూర్చుని తేల్చుకోవాలి. కుదరకపోతే ఇద్దరూ ఇష్టపడి మధ్యవర్తికి అప్పగించాలి. ప్రభుత్వం బలవంతాన కోర్టు మెట్లెక్కించకూడదు అన్నారు. దానికి ‘గిరి విధానం’ అనే పేరే స్థిరపడింది. లేబర్ కోర్టులో పనిచేసిన నీకు ఇందులో సత్యం వేరే చెప్పనక్కర్లేదు. కేసు గెలిచినవాడూ ఓడినవాడూ మర్నాడు అదే ఫ్యాక్టరీకి వెళ్ళాలి. వాయిదాల చుట్టూ తిరిగే సంఘానికి తన కాళ్ళ మీద నిలబడి బేరమాడే శక్తి పోతుంది.

అటువంటి మనిషి 1954లో పదవి వదులుకున్నది ఒక ట్రిబ్యునల్ తీర్పు కోసమే. బ్యాంకు ఉద్యోగుల వివాదంలో లేబర్ అప్పిలేట్ ట్రిబ్యునల్ ఇచ్చిన అవార్డును ప్రభుత్వం మార్చి తగ్గించింది. గిరి గారు రాజీనామా చేశారు. కోర్టు వద్దనడమూ, కోర్టు తీర్పు కోసం పదవి వదలడమూ నాకు ఒకటిగానే కనిపిస్తాయి. తీర్పుదాకా ఓపిక పట్టమని ఉద్యోగికి చెప్పినవాళ్ళే, తీరా వచ్చిన తీర్పును కాదంటే, మళ్ళీ వాళ్ళ మాట ఎవడు వింటాడు? కోర్టుకు వెళ్ళకుండా ఉండడం మేలు. వెళ్ళాక మాత్రం దాని మాట నిలబెట్టాలి. ఈ పట్టుదల న్యాయశాస్త్రం నేర్పినదేనని నా నమ్మకం.

ఆయన చేసినవన్నీ నేను సమర్థించను. 1957లో ఆయన పోటీ చేసిన పార్వతీపురం ద్విసభ్య నియోజకవర్గంలో, జనరల్ స్థానమూ గిరిజనులకు కేటాయించిన స్థానమూ రెండూ గిరిజన అభ్యర్థులే గెలిచారు. అందులో ఒకరికి జనరల్ స్థానం చెల్లదంటూ గిరి గారు సుప్రీంకోర్టుదాకా వెళ్ళారు. 1959లో ఓడిపోయారు. ఓడడమే మంచిదైంది. ఎక్కువ ఓట్లు తెచ్చుకున్న గిరిజనుడికి జనరల్ స్థానం మీదా హక్కుందని ఆ తీర్పు తేల్చింది.

1969లో ఆయన స్వతంత్ర అభ్యర్థిగా నిలబడి, నీలం సంజీవరెడ్డి గారి మీద రెండో ప్రాధాన్య ఓట్ల లెక్కింపుతో గెలిచి రాష్ట్రపతి అయ్యారు. ఆ ఎన్నిక చెల్లదని పిటిషన్లు పడ్డాయి. 1970లో, రాష్ట్రపతిగా ఉండగానే, స్వయంగా సుప్రీంకోర్టుకు వచ్చి సాక్ష్యం చెప్పారు. దేశంలో అన్నిటికన్నా పెద్ద పదవిలో ఉన్నవాడు న్యాయమూర్తుల ముందు ప్రశ్నలకు జవాబిచ్చాడు.

అందుకే, నీ చదువు ఎక్కడికీ పోదు. అయితే ఒక్కటి అడుగుతాను. నువ్వు గెలిచాక, నిన్ను నమ్మినవాళ్ళకిచ్చిన మాటను నీ పార్టీయే మార్చమనే రోజు వస్తుంది. ఆ రోజు ఏం చేస్తావో ముందే నిర్ణయించుకో, ఆ తర్వాతే నామినేషన్ వెయ్యి. పదవి వదలగలనని నీకు నమ్మకం కుదిరితే, ఊరూరా తిరిగి నీకు ఓట్లడగడానికి నేను వస్తాను.

జవాబు రాయి.

ఇట్లు
నీ మిత్రుడు