సియెనాలో ఆగిపోయిన గోడ

ఇటలీ వెళ్ళొచ్చిన మనవాళ్ళ ఫోటోలు చూస్తే రోము, వెనిస్, పీసా టవరు, అంతే. ఒక్కరోజు ఖాళీ దొరికితే ఫ్లోరెన్స్ నుండి సియెనా వెళ్ళమని నా సలహా. బస్సులో గంటన్నర లోపే. ఆఫీసు పని మీద ఫ్లోరెన్స్ వెళ్ళినప్పుడు, మా ఆవిడ కూడా ఉండటంతో శనివారం పొద్దున్నే బస్సెక్కేశాం.

ఊరి నడిబొడ్డున పియాట్సా దెల్ కాంపో అనే మైదానం. ఆల్చిప్పలాగా ఒకవైపుకి వాలి ఉంటుంది. ఎర్ర ఇటుకల నేలని తెల్లరాతి గీతలు తొమ్మిది భాగాలు చేశాయి. 1287 నుండి 1355 దాకా ఊరిని ఏలిన తొమ్మిదిమంది మండలికి గుర్తు అంటారు. ఏటా జూలై 2న, ఆగస్టు 16న పాలియో గుర్రప్పందాలు జరిగేది ఇక్కడే. ఎదురుగా ఉన్న పలాత్సో పుబ్లికోలో, ఆ మండలి కూర్చునే గది గోడల మీద మంచి పాలన ఎలా ఉంటుందో, చెడ్డ పాలన ఎలా ఉంటుందో 1338-39లో అంబ్రోజో లొరెంజెట్టి చేత బొమ్మలు వేయించుకున్నారు. మన సెక్రటేరియట్లో కూడా ఒకటి వేయిస్తే బావుణ్ణు!

సరే, అసలు విషయానికొస్తా. కేథడ్రల్ పక్కన ఒక పేద్ద గోడ ఉంది. పేరు ఫాచ్చాతోనె. మధ్యలో ఉన్న ఖాళీలోంచి ఆకాశం కనిపిస్తుంది, వెనకాల చర్చి లేదు. పక్కనే ఉన్న ఫ్లోరెన్స్ పెద్ద కేథడ్రల్ కడుతుంటే వీళ్ళు ఊరుకుంటారా? 1339లో కొత్తది మొదలుపెట్టారు. ఇప్పుడున్న చర్చి మొత్తం ఆ కొత్తదానికి అడ్డం భాగం మాత్రమే అయ్యేదట! 1348లో ప్లేగు వచ్చింది. తన ఐదుగురు పిల్లల్ని తన చేతులతోనే పూడ్చానని అన్యోలో ది తూరా అనే ఆ ఊరి చరిత్రకారుడు రాసుకున్నాడు. డబ్బులూ లేవు, కట్టిన దాంట్లో లోపాలూ బయటపడ్డాయి. పని ఆపేసి, ప్రమాదంగా ఉన్న భాగాల్ని 1357లో కూల్చేశారు. మిగిలింది అలాగే ఉంచారు.

గోడని కాసేపు చూసి మా ఆవిడ అంది: "అచ్చం మావయ్యగారి డాబాలా లేదూ?"

నవ్వొచ్చింది గానీ, నిజమే. నాన్న ఇల్లు కట్టినప్పుడు పై అంతస్తు కోసం పిల్లర్ల మీద ఊచలు వదిలారు. కింద ఒకడు, పైన ఒకడు అని లెక్క. తమ్ముడు డాలస్‌లో, నేను బెంగళూరులో. ఆయన మాత్రం తుప్పు పట్టకుండా ఊచలకి సిమెంటు పాలు పూయిస్తూనే ఉన్నారు. ఎండాకాలం ఇల్లు కాలిపోతున్నా పైన రేకులు వేయించరు. "రేపు కట్టేటప్పుడు అడ్డమొస్తాయిరా" అంటారు.

మన ఫీల్డులో ప్రాజెక్టు ఆగిపోతే ఏం చేస్తాం? సర్వర్లు ఆపేసి, రెజ్యూమేలో ఆ ఏడాదిన్నరకి వేరే పేరేదో పెడతాం. అసలు మొదలే పెట్టనట్టు. నాన్నది దానికి పూర్తిగా ఉల్టా: ఆగిందని ఒప్పుకోరు. సియెనా వాళ్ళు ఈ రెండూ చెయ్యలేదు. ఆగిపోయిన చర్చిలో ఒక పక్క భాగానికి గోడలు మూసి మ్యూజియం చేశారు. దుచ్చో 1311లో పూర్తిచేసిన మాయెస్తా ఇప్పుడు అందులోనే ఉంది. టికెట్ కొని ఆ గోడ పైదాకా ఎక్కొచ్చు. ఊరంతా కనిపిస్తుంది, అసలు ఊళ్ళో బెస్ట్ వ్యూ అదే!

నా ఉద్దేశం ఏంటంటే, ఆగిపోవడం సిగ్గుపడాల్సిన విషయం కాదు. ఉన్నదాన్ని వాడుకోకుండా కాపలా కాయడమే నష్టం.

ఆ రాత్రే నాన్నకి ఫోన్ చేసి డాబా మీద పందిరి వేయిద్దామన్నాను. "మరి ఊచలో?" అన్నారు.

"ఉంటాయి నాన్నా, వాటికే కడదాం."

కాసేపు ఆగి, "చిక్కుడు పాదు బాగా అల్లుకుంటుంది" అన్నారు.

మీ ఇంటి మీద కూడా ఊచలున్నాయా?